వేరు కుండ

చుట్టు 402

తల్లితొట్టిలో ఈ వేళ ముప్ఫై చేపల నోళ్లు తెరిచి చూశాను. రెండింటి నోళ్లలోనే గుడ్లున్నాయి. అవీ నూకల్లా తెల్లబడి, చచ్చినవి.

ఈ పుస్తకంలో లెక్కలు తప్ప మరేమీ రాయకూడదని నేల కింద ఉన్న మా అడుగూరు నియమం. లెక్క ఇంత చిన్నదైనప్పుడు కాగితం బోలెడు మిగులుతుంది. మిగిలిన చోట నా ఇష్టం వచ్చింది రాస్తాను. తప్పంటే ఈ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చుకోండి, పోటీ ఏమీ లేదు.

తిలాపియా తల్లి తన గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. అన్ని రోజులూ తిండి ముట్టదు. బొటనవేలితో కింది దవడ నొక్కితే నోరు తెరుస్తుంది. లోపల గుడ్లు జొన్నగింజల్లా పచ్చగా ఉండాలి. వాటిని గిన్నెలోకి ఒంపుకుని పొదిగే గాజుసీసాలోకి మార్చడం నా పని. పదహారేళ్లుగా చేస్తున్నాను. ఈ మధ్య పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. రోజూ మింగే గోళీ మహిమ. వేడినీళ్లలో కాసేపు ముంచితే గానీ చేప దవడ కూడా నొక్కలేను.

నీళ్ల మనిషి దస్తగిరి తొట్టి గట్టు మీద నుంచి తొంగిచూశాడు.

"ఏం సలోమక్కా, నీ చేపలు సమ్మె చేస్తాండాయా?"

"నువ్వు పంపే నీళ్లు తాగి వాటికి విరక్తి పుట్టింది" అన్నాను.

మధ్యాహ్నం పైనుంచి కొత్తగా ఒక జంట దిగింది. ముఖాలు ఎండకు బొబ్బలెక్కి ఉన్నాయి. మా ఊరి అలవాటు ప్రకారం తమతో తెచ్చుకున్న డబ్బాల్లో నీళ్లు పెద్దతొట్టిలో ఒంపేశారు. గోడకు తగిలించి ఉన్న గ్లాసుల్లో చేతికందినవి తీసుకుని, ముంచుకుని, అందరి ముందూ తాగారు. ఆ భర్త తాగిన గ్లాసును పక్కన పెట్టుకోబోయాడు. "ఈడ ఎవురి గ్లాసూ ఎవురిదీ కాదు నాయనా, గోడకు తగిలించు" అని నలుగురూ ఒకేసారి చెప్పారు. 'నా గ్లాసు' అనడం మా ఊళ్లో బూతుమాట కింద లెక్క.

చుట్టు 403

చుట్టు అంటే మాకు కాలం. నీళ్లు పెద్దతొట్టి నుంచి బయల్దేరి ఇళ్లు, మరుగుదొడ్లు, శుద్ధి గది, చేపల తొట్లు, ఆకుకూర మళ్లు తిరిగి మళ్లీ పెద్దతొట్టికి చేరడానికి తొమ్మిది రోజులు పడుతుంది. వాన లేని చోట నెలల పేర్లు దేనికని మా పెద్దవాళ్లు దీన్నే పెట్టుకున్నారు. పదేళ్ల కిందట పెద్దతొట్టిని తిరగ్గట్టినప్పుడు లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాం.

పోయిన విడత చేపపిల్లలకు ఈ రోజు సిరా రాశాను. పొట్ట కింద చిన్న బుడిపె ఉంటుంది. దాని మీద నీలం సిరా అద్ది చూస్తే రంధ్రాలు తేలుతాయి. రెండుంటే మగ, మూడుంటే ఆడ. మూడోది గుడ్లు పడే దారి. యాభై పిల్లలకు రాశాను. ఒక్కదానికీ మూడోది లేదు. వల వేసి ఇంకో యాభై తీశాను. వాటికీ లేదు.

దస్తగిరితో చెప్పాను.

"మంచిదే కదక్కా. మగచేప లావుగా పెరుగుతాది. కూర ఎక్కువొస్తాది."

"ఈ విడత తింటావు నాయనా. వచ్చే విడతకు గుడ్లెవరు పెడతారు? నువ్వు పెడతావా?"

అప్పుడు వాడి నవ్వు ఆగింది. తల్లిచేపలన్నీ ముసలివి. అవి పోతే వాటి చోట పెట్టడానికి ఆడపిల్ల ఒక్కటీ లేదు. ఊళ్లో రెండొందల మందికి పైగా ఉన్నాం. జొన్నలు కొద్దిగా పండుతాయి, ఆకుకూర పండుతుంది. అది కూడా చేపల మడ్డి తినే పండుతుంది. చేప లేకపోతే అడుగూరు లేదు.

చుట్టు 404

డాక్టరు హసీనా దగ్గరికి వెళ్లాను, నెలవారీ గోళీల కోసం. నాకు ఎడమ రొమ్ము తీసేసి నాలుగేళ్లవుతోంది. అప్పటి నుంచీ రోజుకో తెల్ల గోళీ. నాకు గోళీ ఏం చేస్తుందో మొదట్లో ఆవిడ చెప్పినప్పుడు సగమే వినిపించుకున్నాను. ఈ రోజు చేపల సంగతి చెప్పగానే ఆవిడ చేతిలో ఉన్న పనాపి, మళ్లీ మొదటి నుంచీ చెప్పింది.

"నీకు అండాశయాలు తీసేసినాం కదా. అయినా ఒళ్లు ఊరుకోదు సలోమీ. ఒంట్లో ఎంతోకొంత మగ హార్మోను అందరికీ ఉంటాది. కొవ్వులో ఒక ఎంజైము కూర్చోనుండి దాన్ని ఈస్ట్రోజెన్, అంటే ఆడ హార్మోను, చేస్తానే ఉంటాది. నీకొచ్చిన రాచపుండుకు ఆ ఈస్ట్రోజెనే కూడు. నీ గోళీ పోయి ఆ ఎంజైము కుర్చీలో కూర్చుంటాది. ఎంజైము నిలబడి చూస్తాంటాది, అంతే."

"దానికీ నా చేపలకూ ఏం సంబంధం?"

"చేపపిల్లకు కూడా అదే ఎంజైముంటాది. గుడ్డులోనుంచి బయటపడిన మొదటి నెలలో అది పనిచేస్తే ఆడది అవుతాది. చెయ్యనియ్యకుంటే మగది. తల్లిచేపకు గుడ్లు పండాలన్నా ఆ ఈస్ట్రోజెనే కావాల."

హసీనా ఇక్కడికి దిగకముందు సముద్రం వైపు ఒక పెద్ద ల్యాబులో ఇరవై ఏళ్లు ఆ ఎంజైమును ఎలా ఆపాలా అనే పనిమీదే ఉంది. ఆ సంగతి చెప్పి, "ఆపినాం. బాగానే ఆపినాం" అంది. తర్వాత గోళీల పట్టీ నా చేతిలో పెట్టింది. ఎప్పుడూ బల్ల మీద పెట్టేది.

చుట్టు 405

మూడు గాజుతొట్లు పెట్టాం. ఎలాగో ఒక తల్లి నోట్లో బతికి దొరికిన పిల్లలనే మూడింటికీ పంచాం. మొదటిదాంట్లో కప్పు రేకుల కింద పట్టే చెమ్మనీరు. అది ఎవరి ఒంట్లోంచీ తిరిగిరాని నీరు. రోజుకు బిందెడు పడుతుంది, పసిపిల్లల పాలకూ హసీనా మందులకూ పోతుంది. ఇందుకోసం హసీనా తన వంతులోంచి కాస్త ఇచ్చింది. రెండోదాంట్లో చుట్టునీరు. మూడోదాంట్లో చెమ్మనీరు పోసి, ఒక గోళీ నూరిన పొడి సూదిమొనంత కలిపాం. గోళీ నాదే.

పొడి కలుపుతూ హసీనా అడిగింది.

"బొగ్గు బండి వచ్చి ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటింది. తీరంలో కొబ్బరి చెట్లన్నీ ఎండిపోయాయంట."

శుద్ధి గదిలో కొబ్బరిచిప్పల బొగ్గు పరుపులుంటాయి. మురికీ వాసనా మట్టిలోనే పోతాయి. మందులాంటి మొండిసరుకును పట్టేది ఆ బొగ్గే. అది ఏడాదిగా మార్చలేదు. దస్తగిరి వేరుశనగ పొట్టు కాల్చి ఏదో చేస్తున్నాడు. పేరుకు బొగ్గు.

చుట్టు 409

సిరా రాశాం. చెమ్మనీటి పిల్లల్లో సగానికి సగం ఆడవి. చుట్టునీటిలో ఒక్కటీ లేదు. గోళీ కలిపినదాంట్లోనూ ఒక్కటీ లేదు.

హసీనా తన పాత యంత్రంలో నీళ్లు పెట్టి చూసింది. అందులో గోళీ మందు ఉంది. చుట్టు చుట్టుకూ పెరుగుతోంది.

ఆ గోళీ మింగేది ఊళ్లో ఐదుగురం. కుట్టుపని చేసే అక్కచెల్లెళ్లు ఇద్దరు, బడిలో చదువు చెప్పే లీలావతి, నాతో తొట్ల దగ్గర పనిచేసే పెంచల, నేను. మేం మింగుతాం, మా ఒళ్లు కొంత వాడుకుని మిగతాది వదిలేస్తుంది. అది అందరి నీళ్లలో కలుస్తుంది. పదహారేళ్లుగా ఏ చేపపిల్లల్ని సాకానో వాటిని నేనే మగవాటిని చేస్తున్నాను. నాకు ఏడుపు రావాలి. రాలేదు. గోళీ మింగడం మొదలైనప్పటి నుంచీ నాకు అలాంటివి ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలు రావు.

చుట్టు 410

ఊరంతా హాల్లో కూర్చుంది. హసీనా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ మా ఐదుగురి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ ఎంత కష్టపడ్డారో నాకు కనిపిస్తూనే ఉంది.

దస్తగిరి లేచాడు. "ఆడ హార్మోను పొడి ఉంటాది కదమ్మా. చేపల మేతలో కలిపితే సరిపోదా?"

"అది కూడా నీళ్లలోకే వస్తాది. ఈ ఐదుగురి గ్లాసుల్లోకే వస్తాది" అంది హసీనా. "మంట ఆర్పమంటే నూనె పోస్తానంటావే!"

ఒక తల్లి అడిగింది, ఆడపిల్లలు తాగుతున్నారు కదా, వాళ్లకేమీ కాదా అని. హసీనా ఆమె వైపు తిరిగింది. "అంత కొంచానికి ఏమీ కాదనే అనుకుంటాండా. కానీ పెరుగుతానే పోతే, ఇంకా ఈడు రాని పిల్లలకు ఏమవుతాదో నేను ఒట్టేసి చెప్పలేను." పెంచలకు ఎనిమిదేళ్ల కూతురుంది. నా పక్కనే కూర్చుని ఉంది పెంచల. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింది.

అప్పుడు నేను లేచాను. ఇందులో ఆలోచించేదేముంది అనిపించింది. "ఒక కుండ చాలు" అన్నాను. "మేం ఐదుగురం మరుగుదొడ్డిలో పోయకుండా కుండలో పోస్తాం. అది చుట్టులో కలపకుండా పైకి మోసుకుపోయి పారబోస్తే సరి."

ఓబుళమ్మవ్వ కట్టె ఊతంగా లేచింది. అడుగూరును కట్టినవాళ్లలో మిగిలిందావిడ ఒక్కతే. ఎనభై దాటాయి.

"నీళ్లు పారబోసేదా? దాన్ని అట్ల పక్కన పెట్టు. అది చిన్న తప్పు" అంది. "మే సలోమీ, నాకు అప్పుడు తొమ్మిదేండ్లు. ట్యాంకరొచ్చింది మా ఊరికి. అందరూ కుండలు వరసలో పెట్టినారు. మా యమ్మ కూడా పెట్టింది. ఒగడొచ్చి, మీ పేటోళ్ల కుండ వేరేగా ఆ పక్క పెట్టుకోపోండి అన్న్యాడు. అని, మా యమ్మ కుండను కట్టెతో జరిపినాడు. చేత్తో ముట్టుకోలే. కట్టెతో. ఆ పొద్దు నడిచినాం, ఎవురికీ పనికిరాని ఈ పాత బండల గనిలోకి. ఆ కట్టె పట్టుకున్నోళ్ల మనవలు కూడా మళ్ల ఈడికే దిగొచ్చినారు. వాళ్ల నీళ్లు కూడా మన తొట్టిలోనే పోయించుకున్న్యాం. ఈ ఊర్లో ఎవురి నీళ్లూ వేరు కాదు. నేను బతికుండంగా వేరు కుండ పెట్టనియ్యను. అది కూడా ఎవురికి పెడదామంటాండావు? రోగమొచ్చిన ఆడోళ్లకా? ఎట్ల వచ్చిందే నీకు ఆ నోరు?"

జనం చప్పట్లు కొట్టారు. కొందరికి కళ్లనీళ్లు వచ్చాయి. పెంచల అందరికంటే గట్టిగా కొట్టింది. నేనూ కొట్టాను. కీళ్లు నొప్పి పుట్టాయి, అంతకు మించి ఏమీ తెలియలేదు.

గోళీలు మానేయమని ఎవరూ అనలేదు. అడుగూరు జనం అలాంటి మాట ప్రాణం పోయినా అనరు. చేప వారానికి రెండుసార్లకు బదులు ఒక్కసారే తిందామని, తర్వాత సంగతి తర్వాత చూద్దామని అనుకున్నారు. లేచి వెళ్లేముందు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మా ఐదుగురికీ గ్లాసులతో నీళ్లిచ్చారు. చాలా ప్రేమగా ఇచ్చారు. అన్నీ తాగాం.

చుట్టు 414

తల్లిచేపలు మూడు చచ్చాయి. ముసలితనం.

పెంచలా నేనూ తొట్టి అడుగు గీకి కడిగాం. నేను ప్రతి మెట్టుకూ దేవుణ్ని తలుచుకుంటూ దిగుతుంటే పెంచల కుప్పించి దూకింది.

"మోకాళ్లు బాగున్నాయే!"

"అవునక్కా, ఈ మధ్య నొప్పులు లేవు."

"నూనె రాస్తున్నావా?"

"ఆఁ, నూనే" అంది. "నీకు కూడా కొంచెం తెచ్చిస్తాలే."

తెచ్చిచ్చింది కూడా. రాసుకున్నాను. నాకేమీ తగ్గలేదు. నా ఒళ్లు నా మాట వినదని సరిపెట్టుకున్నాను.

చుట్టు 422

సిరా రాస్తుంటే పదకొండో పిల్లకు మూడు రంధ్రాలు కనిపించాయి. సిరా ఎక్కువ అద్దానేమోనని కడిగి మళ్లీ రాశాను. మూడే. యాభైలో పద్దెనిమిది ఆడవి.

ఊరు ఊరంతా తొట్టి దగ్గరికి వచ్చింది. దస్తగిరి పొట్టు బొగ్గు గెలిచిందన్నారు. వాణ్ని భుజాల మీదికి ఎత్తారు. వాడు ఎత్తించుకున్నాడు. ఓబుళమ్మవ్వ నా బుగ్గలు పుణికి, "చూస్తివా, నీళ్లు వేరు చెయ్యకుండానే అయిపోయింది" అంది. నాకు కూడా సంతోషమే అయింది, ఉన్నంతలో.

సాయంత్రం హసీనా పిలిచింది. గది తలుపు వేసింది.

"దస్తగిరి బొగ్గును పరీక్ష చేసినా. అది ఏమీ పట్టదు. రంగు కూడా సరిగ్గా పట్టదు."

"మరి నీళ్లలో?"

"మందు తగ్గింది. ఐదింట ఒక వంతే ఉంది." నన్నే చూస్తూ అడిగింది. "నువ్వు మింగుతాండావా సలోమీ?"

"రోజూ మింగుతున్నాను."

"అయితే ఆ వంతు నీదే."

చాలాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. అక్కచెల్లెళ్లు గోళీల పట్టీలన్నీ కుట్టుమిషను సొరుగులో దాచారు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే సొరుగులో. లీలావతి, "నేనొక్కదాన్ని మానేస్తే మీ నలుగురికీ ఇబ్బందుండదు కదా అనుకున్న్యా" అంది. అక్కచెల్లెళ్లూ అదే మాట అన్నారు. ముగ్గురూ మిగతావాళ్లకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోబోయారు. ఐదుగురిలో బతుకు మీద ఆశపడి రోజూ పొద్దున్నే గోళీ మింగింది నేనొక్కదాన్నే.

పెంచల ఇంట్లో పడుకుని ఉంది. నడుము కింద కాపడానికి వేడి ఇటుక పెట్టుకుంది. నాలుగు రోజులుగా వెన్నులో పోటంట. ఆవిడ జబ్బు మాలాంటిది కాదు. ఎముకలోకి దిగిన తర్వాతే కనిపెట్టారు. మూడేళ్లుగా గోళీయే దాన్ని ఉన్నచోట పట్టి ఉంచింది.

"ఎందుకు మానేశావే?" అని అరిచాను. నాకు కోపం వచ్చింది. ఎన్నాళ్లకో వచ్చింది.

"నా బిడ్డ తాగే నీళ్లక్కా."

"అందుకే కదే కుండ పెడదామన్నాను! చప్పట్లు కొట్టి మరీ కాదన్నావు కదే!"

"మా అవ్వ ఓబుళమ్మవ్వ ఎంబడి నడిచొచ్చిందక్కా ఈడికి. నేను వేరు కుండ పెట్టించుకుని బతికినాననిపించుకోవాల్నా?" అని, నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాత్రం మానొద్దు. నీకు చేపలుండాయి."

నాలుగు దెబ్బలు వేద్దామనిపించింది. వెయ్యలేదు. ఇటుక సరిచేసి వచ్చాను.

చుట్టు 423

మట్టికుండ ఒకటి తీసుకున్నాను. చేపలకు రాసే నీలం సిరాతో దాని మీద 'సలోమి' అని రాశాను. పెద్ద అక్షరాలతో రాశాను. ఊళ్లో ఏ వస్తువు మీదా ఎవరి పేరూ లేదు. పొద్దుటి నుంచీ అందులోనే పోశాను. సాయంత్రం మూతపెట్టి హాలుకు మోసుకెళ్లి, గ్లాసులు తగిలించిన గోడ కింద పెట్టాను.

జనం మూగారు. ముక్కులు మూసుకున్నవాళ్లు లేరు గానీ ముఖాలు తిప్పుకున్నవాళ్లున్నారు. నాకు సిగ్గనిపించలేదు. గోళీ ఈ ఒక్కసారికి పనికొచ్చింది.

"నలుగురు గోళీలు మానేశారు" అన్నాను. "బొగ్గు వల్ల కాదు మీ ఆడచేపలు పుట్టింది. పెంచల వెన్నులో మళ్లీ మొదలైంది. మీరెవరూ మానమనలేదు, నిజమే. మానకుండా బతికే దారి కూడా మిగల్చలేదు. నా నీళ్లు వేరు. ఇదిగో నా పేరు. నచ్చకపోతే నన్ను పైకి పంపండి."

ఓబుళమ్మవ్వ వచ్చింది. జనం దారిచ్చారు. కట్టె కొసను కుండ దగ్గరగా ఆనించి నిలబడింది. దాంతో కుండను నెడుతుందనే అందరం అనుకున్నాం. నేను కూడా.

"పెంచల మానేసిందా?" అని అడిగింది.

"మానేసింది."

"నా మాట వినేనా?"

అవ్వ కట్టెను గోడకు ఆనించింది. వంగడానికి చాలాసేపు పట్టింది. రెండు చేతులతో కుండను ఎత్తి చంకన పెట్టుకుంది. దస్తగిరి పరుగెత్తి పట్టుకోబోయాడు.

"వదలబ్బీ. నీ వంతు రేపు" అంది. తర్వాత నాతో, మెల్లగా, "ఆ పొద్దు మా యమ్మ కుండను ఎవురన్నా చేత్తో ఎత్తి పక్కన పెట్టింటే మేం ఈడికి వచ్చేవాళ్లమే కాదేమో మే. అదే నాకు ఇన్నేండ్లూ తోచలే."

పైకి నూట ఎనభై మెట్లు. ప్రతి మలుపులో ఆగింది, కుండ మాత్రం దించలేదు. వెనకాల ఊరంతా ఎక్కింది. పైన పొద్దు వాలినా నేల కాలుతూనే ఉంది. అవ్వ కుండ వంచింది. అడుగూరు పుట్టినప్పటి నుంచీ మేం పారబోసిన మొదటి నీళ్లవి. తడి నాలుగడుగుల మేర పాకింది, చూస్తుండగానే ఆరింది.

దిగి వచ్చాక వంతులు రాసుకున్నారు. ఊళ్లో పెద్దవాళ్లందరూ, రోజుకొకరు, ఉన్న కుండలన్నీ మోయాలి. మిగతా ముగ్గురూ ఆ రోజే గోళీ మొదలుపెట్టారు. పెంచలకు హసీనా ఇవ్వలేదు. మళ్లీ లేచిన జబ్బు ఈస్ట్రోజెన్ లేకపోయినా బతకడం నేర్చుకుందట, ఇక గోళీకి లొంగదట. అంతకంటే గట్టి మందు తీరంలో ఉందేమోనని కబురు పెట్టారు. జవాబు లేదు.

వంతుల వరసలో తన పేరూ రాయమని పెంచల మంచం మీద నుంచే గొడవ పెట్టుకుంది. "నా వంతు వచ్చే దాకా ఉంటాలే" అంది. రాశారు.

చుట్టు 437

పెంచల నిన్న పోయింది.

మా ఊళ్లో పోయినవాళ్లను ఆరుగదిలో, అంటే ఆరబెట్టే గదిలో, ఉంచుతాం. ఒంటి నీరంతా చెమ్మపలకల మీదికి దిగి, శుద్ధి అయి, పెద్దతొట్టిలోకి చేరుతుంది. మర్నాడు పొద్దున అందరూ ఒక్కో గ్లాసు తాగుతారు. ఇప్పటి వరకూ ఆ నీళ్లలో మందు ఉందేమోనని చూసే పని ఉండేది కాదు. ఈసారి మాత్రం తొట్టిలో కలపబోయే ముందు దస్తగిరి గొట్టం మూసి నిలబడ్డాడు. హసీనా నీళ్లు తీసుకెళ్లి యంత్రంలో పెట్టింది. హాల్లో అందరం ఎదురుచూశాం. పెంచల కూతురు తండ్రి ఒళ్లో కూర్చుని ఉంది. నేను ఆ పిల్ల వైపు చూడలేదు.

హసీనా బయటికి వచ్చి, "ఏమీ లేదు. కలపొచ్చు" అంది.

అది పెంచల కోరుకున్నదే. తన నీళ్లు వేరు కాకుండానే పోయింది. దస్తగిరి గొట్టం తిప్పాడు. పోయినవాళ్లతో కలిసి పనిచేసినవాళ్లకు మొదటి గ్లాసు ఇవ్వడం అలవాటు. నాకిచ్చారు. నీళ్లు చల్లగా ఉన్నాయి. రుచి ఎప్పటిదే. గ్లాసు ఖాళీ చేసి గోడకు తగిలించాను. నా తర్వాత ఆ పిల్ల తాగింది.

తొట్ల దగ్గరికి వెళ్లి పని చేసుకున్నాను. సాయంత్రం నాలుగు కుండలూ హాలు ముందు వరసగా ఉన్నాయి. ఎవరూ ఎత్తలేదు. ఎందుకని అడిగితే దస్తగిరి గోడ మీద వంతుల కాగితం చూపించాడు. ఈ రోజు పెంచల వంతు.

"రేపటోళ్లు ఈ పొద్దే మోస్తారు, అంతే కదా" అన్నారెవరో. కానీ ఎవరూ ముందుకు రాలేదు. ఆ పేరును దాటిపోవడం ఎవరికీ చేతకాలేదు.

ఓబుళమ్మవ్వ మెట్టు మీద కూర్చుని ఉంది. ఇప్పుడావిడ నడవలేదు.

"పొద్దన్నే అందరమూ తాగినాం కదప్పా" అంది. "ఎవురు మోసినా పెంచల మోసినట్లే."

మోసేవాళ్లు తమ కుండ తామే మోయకూడదని మేం పెట్టుకున్న నియమం. ఈ ఒక్క రోజూ ఎవరూ అడ్డు చెప్పలేదు. అక్కచెల్లెళ్లవి, లీలావతిది తలొకరు ఎత్తుకున్నారు. నా పేరున్న కుండ నేనే ఎత్తుకున్నాను. మోకాళ్లు ప్రతి మెట్టుకూ పట్టేశాయి. నూట ఎనభై మెట్లూ పెంచల కాళ్లతో ఎక్కాను. పైన కుండ వంచినప్పుడు ఏడుపు వచ్చింది. పెంచల మీద కోపం, ప్రేమ, నేను బతికున్నందుకు సిగ్గు, అన్నీ కలిసి వచ్చాయి. తడి ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.

తల్లితొట్టి లెక్క: నోళ్లు తెరిచినవి ముప్ఫై. గుడ్లున్నవి పంతొమ్మిది. గుడ్లన్నీ పచ్చగా ఉన్నాయి.